గ్రానైట్ ట్రైలర్ పక్కన స్కూటీ మీద పోయే చెల్లెమ్మకి జవాబు

ఈసారి ఉత్తరం ఒంగోలు నించి వచ్చింది. ఆమె చీమకుర్తి దగ్గర ఒక స్కూల్లో టీచరంట, రోజూ కర్నూలు రోడ్డు మీద స్కూటీలో పోయి వస్తా ఉంటది. ఆమె రాసింది కాస్త కుదించి ఇస్తన్నా:

"అన్నా, పోయిన వారం స్కూల్ నించి వస్తా ఉంటే నా ముందు గ్రానైట్ రాళ్ల ట్రైలర్ ఒకటి పోతా ఉంది. సెంటర్ దగ్గరికి వచ్చేసరికి అది బాగా కుడికి జరిగింది. నాకు దారి ఇస్తన్నాడు కదా అని ఎడమ పక్కన దూరాను. అంతే, మొత్తం బండి నా మీదకి ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. క్లీనర్ తలుపు కొట్టి అరిచాడు కాబట్టి ఆపాడు గానీ లేకపోతే నేను లేను. తప్పు నాదా, డ్రైవర్‌దా? మా ఆయన ఏమో ఇంత భయపడితే రోడ్డెక్కలేవు, హారన్ కొట్టి సర్రున దాటి పోవాలి అంటాడు. మేం సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాం, ఆదివారాలు కోవూరు దగ్గర మా పుట్టింటికి హైవే మీద పోతాం, అక్కడ కంటైనర్లు, గడ్డి ట్రాక్టర్లు. మా నాయనకి కూడా ట్రాక్టర్ ఉంది. ఈ వెనక ట్రక్కు తగిలించుకున్న బళ్ల దగ్గర అసలు ఎట్టా నడపాలి?"

చెల్లెమ్మా, ముందు ఆ క్లీనర్ ఎవరో గానీ వాడు చల్లగా ఉండాలి. తప్పెవరిది అనేది పక్కన పెడదాం, ఎందుకంటే పోలీసు కేసు అయితే ఎవరి తప్పో వాళ్లు రాస్తారు, నీకు కావాల్సింది రేపు పొద్దున మళ్లీ అదే సెంటర్‌లో ఏం చెయ్యాలా అని.

ఆ బండి కుడికి ఎందుకు జరిగిందో చెప్తా. పొడుగు ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలి పక్కకి కోసుకుంటా వస్తాయి. మామూలు లారీకి ఈ తేడా కొంచెమే, ట్రైలర్‌కి సెంటర్ ఇరుగ్గా ఉంటే రెండు మూడు మీటర్లు పైనే ఉంటది. అందుకని డ్రైవర్ ఎడమకి తిరగాలంటే ముందు కుడికి బాగా పోయి, కాబిన్ సెంటర్ మధ్యలోకి తీసుకెళ్లి, అప్పుడు ఎడమకి తిప్పుతాడు, లేకపోతే వెనక చక్రాలు మూల మీద ఉన్న టీకొట్టు ఎక్కుతాయి. ఆ కుడికి జరిగినప్పుడు ఎడమ పక్కన ఇంత ఖాళీ కనపడతది చూడు, అది నీకిచ్చిన దారి కాదు, ఆ వెనక చక్రాలకి కావాల్సిన జాగా. నువ్వు దాంట్లోకి పోయావు. నువ్వనే కాదు, స్కూటీ మీద పోయే వాళ్లలో చాలా మంది అదే చేస్తారు, ఖాళీ కనపడితే దూరడం మనకి చిన్నప్పటి నించి అలవాటైపోయింది.

ఇంకొకటి, ఆ టైంలో నువ్వు డ్రైవర్‌కి కనపడవు. ట్రైలర్ కాబిన్ ఎంత ఎత్తుందో చూశావు కదా, నీ స్కూటీ మీద నీ తల ఆయన ఎడమ తలుపు అద్దం కింది అంచు దాకా కూడా రాదు. పైగా కాబిన్ కొంచెం తిరిగిందంటే ఎడమ పక్క అద్దంలో ఆయనకి కనపడేది తన ట్రైలర్ గోడే, రోడ్డు కాదు. అందుకే ఎడమ పక్కకి క్లీనరే కన్ను. ఇప్పుడు చాలా బళ్లకి క్లీనర్లు కూడా ఉండటంలేదు, జీతాలు గిట్టక డ్రైవర్ ఒక్కడే పోతన్నాడు, కాబట్టి ఈసారి తలుపు కొట్టే మనిషి ఉంటాడని అనుకోబాక.

బండి బాడీ ఎటు పోతందో కాదు, ఇండికేటర్ ఎటు కొడతందో చూడు. కుడికి జరుగుతా ఎడమ ఇండికేటర్ వేశాడంటే ఎడమకి తిరగతాడని అర్థం. ఇండికేటర్ దుమ్ము కొట్టుకుపోయి కనపడలేదా, అప్పుడు సెంటర్ దగ్గర ట్రైలర్ ఎటు జరిగినా వెనకాలే ఆగిపో, ఆయన పని ఆయన్ని కానీ. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు పోద్ది, స్కూల్ బెల్లు నీ కోసం ఆగదులే గానీ హెడ్మాస్టర్‌తో మాట పడితే పడ్డావు.

బావగారి హారన్ సిద్ధాంతం గురించి. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఇది వింటే ఆయన సంతోషిస్తాడు. పొడుగు బండి పక్కన నెమ్మదిగా నడపటం కంటే త్వరగా దాటి పోవడమే మేలు. ఈ బళ్ల దగ్గర ఉండాల్సిన చోట్లు రెండే, బాగా వెనక అన్నా ఉండాలి, బాగా ముందన్నా ఉండాలి, పక్కన మాత్రం నిలబడిపోకూడదు. చాలా మంది చేసేది ఏందంటే సగం దాటి, ఎదర ఏదో కనపడి, వెనక్కి తగ్గలేక ముందుకి పోలేక ఆ చక్రాల పక్కనే వేలాడతా పోతారు. టైరు పేలినా, గాలికి స్కూటీ ఊగినా, ఆయన గుంత తప్పించడానికి ఒక మూర జరిపినా నీకు పోవడానికి చోటుండదు. స్పీడుగా పోయే పెద్ద బండి పక్కన స్కూటీ మీద ఉన్నప్పుడు గాలి ముందు నిన్ను అవతలకి నెట్టి తర్వాత బండి వైపు లాగతది, ఇది నీకు అనుభవమే ఉంటది.

కానీ బావగారు మర్చిపోయిన మిగతా సగం ఏందంటే, దాటడానికి ఎంత రోడ్డు కావాలో ఎవరూ లెక్కెయ్యరు. వేసి చూపిస్తా. ట్రైలర్ 60 స్పీడులో పోతంది, మీ కారు 80లో. తేడా 20, అంటే సెకనుకి అయిదున్నర మీటర్లు మాత్రమే మీరు దాన్ని దాటతన్నారు. ముందు ఒక 20 మీటర్లు గ్యాప్, బండి పొడుగు 16 మీటర్లు, మీ కారు 4 మీటర్లు, దాటినాక మళ్లీ 20 మీటర్లు, మొత్తం 60. పదకొండు సెకన్లు పడద్ది. ఆ పదకొండు సెకన్లలో మీ కారు 240 మీటర్లు పోతది, ఎదురుగా వచ్చే బస్సు కూడా 80లో ఉంటే అదీ 240 మీటర్లు వస్తది. అంటే దగ్గర దగ్గర అర కిలోమీటరు ఖాళీ రోడ్డు కళ్లకి కనపడాలి. పొదిలి దాటినాక, కనిగిరి వైపు, ఇటు ఆత్మకూరు, బద్వేలు వైపు డివైడర్ లేని చోట అర కిలోమీటరు తిన్నగా కనపడే జాగాలు ఎన్ని ఉన్నాయో ఆయన్నే చెప్పమను.

ముందు పోయే లారీ వాడు ఇండికేటర్ కొట్టి పొమ్మంటాడు చూడు, దాన్ని కూడా నమ్మొద్దు. ఒకడు ఎడమ కొడితే పొమ్మని, ఇంకొకడు నిజంగానే ఎడమకి తిరగతన్నాడు. కుడి కొట్టినవాడు ఎదర బండి వస్తంది ఆగు అంటన్నాడో, కుడికి తిరగతన్నాడో ఎవరికి తెలుసు. మంచి మనసుతోనే చెప్తారు వాళ్లు, కానీ నీ కంటితో నువ్వు చూడనిదే దాటబాక.

దాటినాక టక్కున ముందుకి దూరకూడదు. కారు లోపల మధ్యలో ఉండే అద్దంలో ఆ బండి మొహం మొత్తం, రెండు లైట్లూ కనపడ్డాకే ఎడమకి రావాలి. లారీ వాడు ముందు అంత ఖాళీ ఎందుకు వదిలాడు అనుకుంటాం, వాడి బ్రేకు ఆ ఖాళీలోనే ఉంది. గాలి బ్రేకు కదా, తొక్కినాక గాలి చివరి చక్రాల దాకా పోయి పట్టుకోడానికి ఒక క్షణం పడతది. 2018లో రూల్స్ మారినాక చట్ట ప్రకారమే ఈ ట్రైలర్లు 55 టన్నుల దాకా ఉండొచ్చు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి ఘనమీటరు మూడు టన్నులకి కాస్త అటూ ఇటూ తూగుద్ది, మూడు మీటర్ల పొడుగు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు రాయి ఒక్కటే ఇరవై టన్నులు. అది కట్టకుండా, నాలుగు చెక్క ముక్కలు అడ్డం పెట్టి పోతా ఉంటారు కొంతమంది, నువ్వు చూసే ఉంటావు. గొలుసులు లేని రాయి కనపడితే ఇంకా వెనక్కి తగ్గు. డ్రైవర్ సడన్ బ్రేకు కొట్టడానికి భయపడేది దానికే, రాయి ముందుకొచ్చి కాబిన్‌లో పడుద్దని, కాబట్టి నువ్వు ముందుకి దూరి బ్రేకు కొడితే ఆయన నిన్ను గుద్దాలా, రాయిని నెత్తిమీదేసుకోవాలా అనేది తేల్చుకోవాల్సి వస్తది.

వెనక ఎంత దూరం అంటావా. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్నో, కిలోమీటరు రాయినో దాటినప్పుడు నుంచి మెల్లగా వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు అనుకో, అది అయ్యేలోపల నువ్వు ఆ స్తంభం దగ్గరికి రాకూడదు. వానలో ఇంకో రెండు కలుపు. ఆయన సైడ్ అద్దంలో ఆయన మొహం నీకు కనపడతందా చూడు, కనపడకపోతే నువ్వు ఆయనకి లేనట్టే లెక్క. ఇంకా జామాయిల్, సుబాబుల్ కర్ర వేసుకుపోయే ట్రాక్టర్లు, లారీలు మన వైపు ఎక్కువ కదా, ఆ కర్రలు వెనక్కి బారెడు పొడుచుకొచ్చి చివర ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంటది, అది కూడా దుమ్ముకి కర్ర రంగే. నీ దూరం కొలవాల్సింది ఆ కర్ర కొస నుంచి, చక్రం నుంచి కాదు. లోడు అట్టా బయటికి పొడుచుకొస్తే 2019 సవరణ చట్టంలో 20,000 జరిమానా, ఎక్కువ బరువేస్తే 20,000తో పాటు పైన ప్రతి టన్నుకి 2,000. రూలు బాగానే ఉంది, నిన్న సాయంత్రం నేను చూసిన బండికి మాత్రం వర్తించినట్టు లేదు.

ఇప్పుడు ట్రాక్టర్లకి వద్దాం, నా మటుకు నాకు కంటైనర్ కంటే ట్రాక్టరే ఎక్కువ గుబులు. మా ఇల్లు ముత్తుకూరు రోడ్డులో, కృష్ణపట్నం పోర్టు ట్రైలర్లు పొద్దస్తమానం పోతా ఉంటాయి, ఆ డ్రైవర్లు ఎంత లేదన్నా రోజూ అదే పని చేసేవాళ్లు. ట్రాక్టర్ మీద ఉండేది కోతల సీజన్‌లో మాత్రమే రోడ్డెక్కే కుర్రోడు, పక్కన మడ్‌గార్డ్ మీద ఇద్దరు, రెండు పెద్ద బాక్సుల్లో పాటలు. నువ్వు కొట్టే హారన్ ఆ పాటలో కలిసిపోద్ది. వరిగడ్డి లోడు అయితే ట్రక్కు రెండు పక్కలా అంతంత బయటికి పెరిగి వాడికి వెనక ఏమీ కనపడదు, వాడు చెయ్యి చూపించినా నీకు కనపడదు. ట్రక్కుకి ఇండికేటర్ ఉండదు, ఉన్నా వైరు ఊడిపోయి ఉంటది. అందుకని ఒక్కటి గుర్తు పెట్టుకో, ఏ కారణం లేకుండా ట్రాక్టర్ నెమ్మదించిందంటే వాడు పొలంలోకో, కళ్లంలోకో తిరగబోతన్నాడు. అదే టైంలో మనం ఆహా స్లో అయ్యాడు అని కుడి పక్కన దాటబోతాం, వాడు కుడికే తిరగతాడు. కుడి పక్కన డొంక దారి ఏమన్నా ఉందా, డివైడర్‌కి గ్యాపు ఉందా అని చూసుకోకుండా నెమ్మదించిన ట్రాక్టర్‌ని దాటొద్దు.

ఖాళీ ట్రక్కు అయితే ఏం కాదులే అనుకుంటారు. లోడు ఉన్నదాని కంటే ఖాళీదే ఎగిరెగిరి పడతది, పాము తోక ఊపినట్టు అటూ ఇటూ కొడతది. చాలా ట్రక్కులకి సొంత బ్రేకే ఉండదు, ట్రాక్టర్ బ్రేకు పడితే వెనక ట్రక్కు దాన్ని తోసుకుంటా వస్తది, ఇంజను ఒక పక్కకి ట్రక్కు ఒక పక్కకి మడతపడతాయి. ఇంకా ఆ రెండిటినీ కలిపేది ఒక పిన్ను. దానికి లాక్ క్లిప్పు పోతే కొంతమంది కట్టుతీగ కట్టేస్తారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, కాలవ కట్ట ఎక్కేటప్పుడు లోడు ట్రాక్టర్ వెనకే అంటుకుని పోవద్దు, పిన్ను ఊడితే ట్రక్కు వెనక్కే వస్తది, పిన్ను ఊడకపోయినా ముందు చక్రాలు లేచి వాడు ఆగిపోతాడు. కింద ఆగి వాడు పైకి పోయినాక నువ్వు కదులు.

రాత్రిళ్లు హైవే మీద ఇంకో కథ. మార్జిన్‌లో లైట్లు లేకుండా ఆపిన ట్రైలర్, టోల్‌గేట్‌లకీ ధాబాలకీ ముందూ వెనకా మరీ ఎక్కువ. డిమ్ లైట్‌లో మీ కారుకి నలభై, యాభై మీటర్లు కనపడద్ది. 80 స్పీడులో నీ కాలు బ్రేకు మీద పడేలోపలే ముప్పైకి పైగా మీటర్లు అయిపోతాయి, ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో ముప్పై అయిదు. లెక్క కుదరలేదు కదా. అదే 60లో అయితే మొత్తం నలభై అయిదు దగ్గర ఆగుద్ది, బొటాబొటి. అందుకే రాత్రి ఎదర బళ్లు వస్తా డిమ్‌లో పోవాల్సి వస్తే 60 దాటకండి, ఎడమ చివరి లైను పట్టుకుని పోకండి.

డివైడర్ గ్యాపులో యూటర్న్ తీసుకునే ఖాళీ ప్లాట్‌ఫాం ట్రైలర్ అయితే ఇంకా మోసం. కాబిన్ లైట్లు అవతలి రోడ్డు మీద కనపడతా ఉంటాయి, అదేదో అటు పోయే బండి అనుకుంటాం, దాని వెనక భాగం మన రోడ్డుకి అడ్డంగా, నడుం ఎత్తులో పల్చగా, ఏ లైటూ లేకుండా ఉంటది. గ్యాపు దగ్గర ఏ పెద్ద బండి లైట్లు వంకరగా కనపడినా కాలు యాక్సిలరేటర్ మీద నించి తియ్యమని బావగారికి చెప్పు. ట్రాక్టర్‌కి ఒక హెడ్‌లైటే వెలిగితే దూరం నించి మోటార్ సైకిల్ అనుకుంటాం, వెనక ట్రక్కు రోడ్డు సగం ఆక్రమించి వస్తా ఉంటది. ఇంకా కొంతమంది దుక్కి దున్నేటప్పుడు వాడే వెనక తెల్ల లైటు ఆర్పకుండా రోడ్డెక్కుతారు, వెనకొచ్చే వాళ్లకి అది ఎదురొచ్చే బండిలా కనపడతది.

లైట్లు లేకుండా నిలబడ్డ బండి కనపడితే తిట్టుకుంటా పోకుండా, నేషనల్ హైవే అయితే 1033కి ఫోన్ చేసి ఏ ఊరు, ఏ వైపు, కిలోమీటరు రాయి నంబర్ ఎంత అని చెప్పండి. నువ్వు పక్క సీట్లో ఉంటావు కాబట్టి ఈ పని నీది, నడిపే మనిషి ఫోన్ ముట్టుకోకూడదు. అక్కడ దిగి సెల్ఫీ వీడియోలు తీసుకుంటా నిలబడొద్దు.

ఇక మీ నాయన ట్రాక్టర్. పెద్దాయనకి నేను చెప్తే వినడు, కూతురు చెప్తే వింటాడు. ట్రక్కు వెనక తలుపుకీ, రెండు పక్కలకీ రేడియం స్టిక్కర్లు వేయించమను, వెనక ఎరుపు, పక్కలకి పసుపు, గడ్డి వేసినప్పుడు అది కప్పబడిపోద్ది కాబట్టి గడ్డి మీద వేలాడేసేటట్టు ఒక రేడియం పట్టీ విడిగా కుట్టించి పెట్టుకోమను. పిన్నుకి లాక్ క్లిప్పు, దాంతో పాటు ట్రాక్టర్‌కీ ట్రక్కుకీ కలిపి ఒక గొలుసు, పిన్ను పోయినా గొలుసు పట్టుకుంటది. ట్రాక్టర్‌కి కుడి బ్రేకు, ఎడమ బ్రేకు వేరేవేరే ఉంటాయి కదా, పొలంలో తిరగడానికి అవి విడిగా ఉంచుతారు, రోడ్డెక్కే ముందు రెండిటినీ కలిపే లాక్ వెయ్యాలి, అది వెయ్యకుండా ఒక్క పెడల్ మీద కాలు పడితే ట్రాక్టర్ గిరుక్కున ఒక పక్కకి తిరిగి తిరగబడతది. ఈ లాక్ సంగతి మీ నాయనకి తెలుసు, కానీ కోతలకి కూలికి పెట్టుకున్న కుర్రోడికి తెలుసో లేదో అడగమను.

ఇంకొకటి, శనివారం మాలకొండ గుడికి పోతన్నాం, పండగకి పోతన్నాం అని ఊరు ఊరంతా ట్రక్కులో ఎక్కించుకుని పోయే అలవాటు ఉంటే మాన్పించు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కిస్తే ఏదన్నా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు, కోర్టుల చుట్టూ తిరగాల్సింది బండి ఓనరు, అంటే మీ నాయనే. ఆటో మాట్లాడుకోమను, బస్సు మాట్లాడుకోమను.

నువ్వు అడగలేదు గానీ నీ స్కూల్ పిల్లల గురించి ఒక మాట. చీమకుర్తి, రామతీర్థం వైపు పిల్లలు సైకిళ్ల మీద వస్తారు కదా, ఆగి ఉన్న ట్రైలర్ ముందు నించి అడ్డం పడి రోడ్డు దాటతారు. కాబిన్ ముందు బంపర్ దగ్గర నిలబడ్డ చిన్న పిల్లోడు డ్రైవర్‌కి అసలు కనపడడు. ఎవరన్నా డ్రైవర్‌ని బతిమాలి బండి ఆపిన చోటే ఒక్కొక్కళ్లని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఇంకో పిల్లోణ్ణి బంపర్ ముందు నిలబెట్టి, కనపడతన్నాడా అని అడుగు. ఇంజను ఆఫ్ చేసి తాళం చెవి నీ చేతిలో పెట్టుకునే ఆ పని చెయ్యి. వీలైతే నువ్వు కూడా ఎక్కి ఎడమ అద్దంలోంచి నీ స్కూటీ ఎక్కడ మాయమవుతదో చూసుకో, బావగారిని కూడా ఎక్కించు.